నీరుకారిన బెల్లం, నీరుగారిన చట్టం

"మూతెయ్యవే, నీరుకారిద్ది!"

మా నాయనమ్మ నోట నేను ఎక్కువసార్లు విన్న మాట ఇదే అయ్యుంటుంది. 'అన్నం తిన్నావా' అన్నది కూడా దీని తర్వాతే. ఏది నీరుకారిద్దో మాత్రం చెప్పేది కాదు. చెప్పక్కర్లేదు. మా వంటింట్లో నీరుకారేవి రెండే, ఉప్పూ బెల్లం. ఏ మూత తీసి ఉందో చూసుకుని వేసెయ్యడమే మన పని.

చీరాల దగ్గర మా ఊరు. ఇంట్లోంచి సముద్రం కనపడదు గానీ గాలి మళ్ళితే దాని వాసన వచ్చేది. ఎండాకాలంలో కూడా సాయంత్రానికి ఒళ్ళంతా జిడ్డు. ఇక కార్తీకంలో వాయుగుండం పట్టిందంటే ఆరేసిన చీర మూడో రోజుకి కూడా ఆరేది కాదు. అగ్గిపుల్ల గీస్తే మందు ఊడొచ్చేది తప్ప మంట వచ్చేది కాదు. అలాంటి ఊళ్ళో ఉప్పుని ఉప్పులా ఉంచడం అంటే చిన్న విషయం కాదు. నాయనమ్మకి అదొక నిత్య యుద్ధం.

ఉప్పు రెండు చోట్ల ఉండేది. పొయ్యి పక్కన అలమరలో రోజువారీ వాడకానికి చిన్న పింగాణీ జాడీ, పైన గోధుమరంగు, కింద తెలుపు. వంటింటి మూల పీట మీద ఏడాదికి సరిపడా కళ్ళుప్పుతో పెద్ద మట్టికుండ. ఉప్పు బండి వీధిలోకి వచ్చినప్పుడు కుంచంతో కొలిపించుకుని నింపేవాళ్ళు. ఆ కుండని నేను చాలాసేపు చూస్తూ కూర్చునేదాన్ని. వానాకాలం మొదలయ్యాక దాని ఒంటి మీద ముందు చెమట పట్టినట్టు తడి కనపడేది. నాలుగు రోజులు ఎండ కాస్తే ఆ తడి ఉన్నచోట తెల్లటి పూత. వేలితో గీకి నాలిక మీద పెట్టుకుంటే ఉప్పే. లోపల ఉన్న ఉప్పు మట్టిలోంచి నడుచుకుంటూ బయటికెలా వచ్చిందా అని నాకు పెద్ద ఆశ్చర్యం. రెండు మూడేళ్ళకి కుండ పైపెంకు పొరలు పొరలుగా రాలిపోయేది. కుండ కింద ఒక మూకుడు పెట్టేది నాయనమ్మ. వానలప్పుడు తెల్లారేసరికి అందులో ఓ గరిటెడు నీళ్ళు ఉండేవి. వాటిని పారబొయ్యకుండా తీసుకెళ్ళి కొబ్బరిచెట్టు మొదట్లో పోసేది.

ఆ మూకుట్లో నీళ్ళు చూపించి ఒకసారి అన్నాను, "నాయనమ్మా, ఉప్పు కరిగిపోయింది" అని.

"కరగడానికి నువ్వేమన్నా నీళ్ళలో వేశావా? నీరుకారింది అనాలి" అంది.

అప్పటికి నాకు ఆ తేడా బుర్రకెక్కలేదు. తర్వాత్తర్వాత దాని మీద ఉన్నంత ప్రేమ నాకు ఏ క్రియాపదం మీదా లేదు. వెన్న కరగాలంటే సెగ తగలాలి. పంచదార కరగాలంటే నీళ్ళు పొయ్యాలి. నీరుకారడానికి ఇవేవీ అక్కర్లేదు. ఎవరూ నిప్పు పెట్టలేదు, ఎవరూ నీళ్ళు పొయ్యలేదు. మూత తీసి ఉంది, అంతే. గాలిలో ఉన్న తేమని అదే పీల్చుకుని, అదే మెత్తబడి, అదే నీళ్ళయిపోయింది. ఇంత కథని ఒక్క మాటలో చెప్పేశారు మనవాళ్ళు.

పైగా 'కారు' అన్న మాటని ఎంత తెలివిగా వాడారో చూడండి. ముక్కు కారుతుంది, కుళాయి కారుతుంది, చూరు కారుతుంది. ఆ కారేవాటిలో ముక్కు ముక్కులాగే ఉంటుంది, చూరు చూరులాగే ఉంటుంది. ఉప్పు నీరుకారిందంటే మాత్రం ఉప్పులోంచి నీరు వచ్చిందని కాదు, ఉప్పే నీరైపోయిందని. హైదరాబాద్ హాస్టల్లో నా రూమ్మేట్ నిజామాబాద్ అమ్మాయి. వానాకాలం సెలవల తర్వాత ఇంటి నుంచి తెచ్చుకున్న బెల్లం డబ్బా తెరిచి "అయ్యో, నీరుకారిందే" అన్నాను. ఆ పిల్ల తల పైకెత్తి శ్లాబు ఎక్కడ కారుతోందా అని వెతికింది. డబ్బా చూపిస్తే, "మా దిక్కు బెల్లం గిట్ల నీళ్ళు గాదు" అంది. నిజమే మరి. వాళ్ళ ఊళ్ళో గాలి పొడి, సముద్రం ఎన్ని వందల కిలోమీటర్ల దూరమో. అవసరం పడని మాట నోట్లో ఎందుకుంటుంది?

బెల్లం గురించి చెప్పాలంటే నా దొంగతనం గురించి చెప్పాలి.

అనకాపల్లి బెల్లం అని మా నాయనమ్మకి ఒక పట్టింపు. దిమ్మ కొట్టించి, ముక్కలు ఇత్తడి డబ్బాలో వేసి, మూత మీద తడిలేని గుడ్డ చుట్టి అటక మీద పెట్టేది. నాకు తొమ్మిదేళ్ళు. పీట మీద పీట వేసుకుని ఎక్కి, ఒక ముక్క తీసి, మూత సరిగ్గా పట్టకపోతే అలాగే వదిలేసి దిగాను. ఆ రాత్రే వాన మొదలై అయిదు రోజులు కురిసింది. ఆరో రోజు నాయనమ్మ డబ్బా దించింది. మూత సందులోంచి నల్లటి పాకం కారి, డబ్బా పక్కన జీడిలా అంటుకుని, అందులో ఓ పాతిక చీమలు తిరగబడి ఉన్నాయి. లోపల ముక్కలకి అంచులు లేవు. అన్నీ ఒకదానిలో ఒకటి వాలిపోయి, అడుగున ముదురు తేనెలాంటిది నాలుగు వేళ్ళ మందాన. నేను వేలు పెట్టబోతే చేతి మీద ఒకటి పడింది.

"నేనేం చెయ్యలేదు. దానంతట అదే నీరుకారింది" అన్నాను.

"అవునే, నీరుకారడం దానంతట అదే కారిద్ది. మూత దానంతట అదే లేచిద్దా?"

ఆ ప్రశ్నకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. ఆ పాకాన్ని మాత్రం పారెయ్యలేదు. వడకట్టి, రెండు రోజులు పులుసుల్లో వాడేసింది.

అన్నిటికీ ఈ మాట వాడేది కాదు నాయనమ్మ. అప్పడాలు, మరమరాలు నీరుకారవు, మెత్తబడతాయి. తేమ లోపలికి పోయినా అప్పడం అప్పడంలాగే ఉంటుంది, విరిచినప్పుడు చప్పుడు రాదంతే. గోడ నిమ్మెక్కుతుంది. శనగలు నానతాయి. మాగాయకి కోసి ఉప్పు కలిపిన మామిడి ముక్కలు ఊరతాయి, వాటి నుంచి వచ్చేది ఊట. అక్కడ ఉప్పు గాలిని వదిలేసి ముక్కలోని నీటినే బయటికి లాగుతుంది. కళ్ళు చెమ్మగిల్లుతాయి. ఈ మాట కథల్లో చదివినప్పుడల్లా చెమ్మ వచ్చి కళ్ళని గిల్లుతుందేమో, అందుకే ఏడుస్తారేమో అనుకునేదాన్ని చాలా కాలం.

ఇక దేవుడి గూట్లో కర్పూరం. దాన్ని నీరుకారిందంటే ఒప్పుకునేది కాదు, హరించిపోయింది అనాలి. డబ్బాలో నాలుగు మిరియాలు వేసేది హరించిపోకుండా. మిరియం ఏం ఆపుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు గానీ నేనూ వేస్తాను. ఒకే వంటిల్లు, రెండు తెల్లటి వస్తువులు, రెండిటికీ మూతే మందు. ఒకటి గాలిని తాగి నీరవుతుంది, ఇంకొకటి గాలిలో కలిసిపోయి జాడ లేకుండా పోతుంది. రెండిటికీ వేరువేరు మాటలు పెట్టుకున్న వంటిల్లు అది.

మా తాతయ్య తెలుగు మాస్టారు. రిటైరయ్యాక రోజూ పొద్దున్నే వేటపాలెం సారస్వత నికేతనానికి వెళ్ళేవారు. 1918లో పెట్టిన గ్రంథాలయం అది, దాని భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారని తాతయ్య కనీసం వారానికోసారి చెప్పేవారు. సెలవల్లో నన్నూ సైకిల్ మీద తీసుకెళ్ళేవారు. అక్కడ అన్ని పేపర్లూ చదివి, మధ్యాహ్నం భోజనం దగ్గర మా నాయనమ్మకి వార్తలు వినిపించడం ఆయన దినచర్య. 1987 ప్రాంతంలో అనుకుంటా, ఒకరోజు "ప్రభుత్వం ఆ చట్టాన్ని నీరుగార్చిందని ప్రతిపక్షాలు గోల చేస్తున్నాయి" అన్నారు.

నాయనమ్మ గరిటె ఆపి, "చట్టమేమన్నా బెల్లపు దిమ్మా?" అంది.

తాతయ్యకి పొలమారింది. నవ్వీ నవ్వీ నీళ్ళు తాగి, ఇక మొదలుపెట్టారు. నువ్వనేది నీరుకారు, పేపరు వాడు రాసేది నీరుగారు, రెండూ ఒకటే. చిన్నయసూరి బాలవ్యాకరణంలో, 1858లోనే, సూత్రం రాసి పెట్టాడు, "ప్రథమ మీఁది పరుషములకు గసడదవలు బహుళంబుగానగు" అని. నీరు మీద కారు వచ్చింది కాబట్టి క కాస్తా గ అయింది. బహుళం అన్నాడు కాబట్టి కాకపోయినా తప్పు లేదు. నీ మాటా తప్పు కాదు, పేపరు మాటా తప్పు కాదు.

"నేను తప్పని ఎవరన్నారు?" అంది నాయనమ్మ, పప్పు వడ్డిస్తూ.

ఆ రోజు నాకు గసడదవాదేశం ఇంతకంటే బాగా ఎక్కలేదు. కానీ తర్వాత పేపరు చదివే వయసు వచ్చాక నేను గమనించింది వేరే. నాయనమ్మ ఎప్పుడూ 'నీరుకార్చు' అనలేదు. ఉప్పుని ఎవరూ పనిగట్టుకుని నీరుకార్చరు కదా. పేపర్లో మాత్రం ఎక్కువగా కనపడేది 'నీరుగార్చు'. పథకాన్ని నీరుగార్చారు, తీర్పు స్ఫూర్తిని నీరుగార్చారు, హామీని నీరుగార్చారు. అంటే ఎవరో ఒకరు కావాలని మూత తీసిపెట్టారని. చట్టం పుస్తకంలో చట్టంలాగే ఉంటుంది, కొట్టెయ్యలేదు, చింపెయ్యలేదు. ఒక మినహాయింపు, ఒక సవరణ, అమలు చెయ్యాల్సిన చోట ఖాళీ పోస్టు, అలా తేమ ఎక్కుతూ ఎక్కుతూ ఒకరోజు చూస్తే మూకుట్లో నీళ్ళే ఉంటాయి. బలహీనపరిచారు అంటే ఇదంతా రాదు. ఇంకో సరదా ఏంటంటే, పేపరుకి గిట్టని ప్రభుత్వం అయితే పథకాన్ని 'నీరుగార్చారు' అని ఉంటుంది. గిట్టిన ప్రభుత్వం అయితే అదే పథకం 'నీరుగారుతోంది'. దానంతట అదే. తొమ్మిదేళ్ళప్పుడు అటక కింద నిలబడి నేను చెప్పిన అబద్ధమే.

ఇంటర్లో బైపీసీ తీసుకున్నాను. కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో కాస్టిక్ సోడా తూచమన్నారు. తెల్లటి గుళికలు, చిన్న బిళ్ళల్లా ముద్దుగా ఉంటాయి. వాచ్‌గ్లాస్‌లో వేసి, పక్కమ్మాయితో సినిమా కబుర్లలో పడ్డాను. తిరిగి చూస్తే బిళ్ళలు మెరుస్తున్నాయి. కాసేపటికి అడుగున తడి, అంచులు గుండ్రంగా. ఆ అంచులు నాకు బాగా తెలుసు. "సార్, నీరుకారింది!" అని గట్టిగా అరిచాను. ల్యాబంతా నవ్వింది. సార్ మాత్రం నవ్వలేదు. "కరెక్టే. దీన్నే డెలిక్వెసెన్స్ అంటారు. మీ ఇంట్లో మాట బావుంది, అదే రాసుకో" అన్నారు. గుళికలు గాలిలో తేమనే కాదు, కార్బన్ డయాక్సైడ్‌ని కూడా పట్టుకుంటాయి, అందుకే ఎంత జాగ్రత్తగా తూచినా దాన్ని నమ్మడానికి లేదు, ఆక్సాలిక్ ఆమ్లంతో సరిచూసుకోవాల్సిందే అని చెప్పారు.

ఆయన దగ్గరే మా కుండ గుట్టు తెలిసింది. అసలు శుద్ధమైన ఉప్పు అంత తేలిగ్గా నీరుకారదట. గాలిలో సాపేక్ష తేమ సుమారు 75 శాతం దాటాలి. కానీ సముద్రపు కళ్ళుప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కాస్త కలిసి ఉంటుంది. దానికి 33 శాతం చాలు. ముందు అది తేమని పట్టి ఉప్పురాయి మీద పల్చటి నీటిపొర కడుతుంది. ఆ పొరలో కొంచెం ఉప్పు కరుగుతుంది. చిక్కటి ఉప్పునీళ్ళ నుంచి నీరు ఆవిరవడం కష్టం, గాలి నుంచి లోపలికి రావడమే సులువు. అందుకని ఇంకా నీరు వస్తుంది, ఇంకా ఉప్పు కరుగుతుంది. తన నీళ్ళతో తానే ఇంకొన్ని నీళ్ళని పిలుచుకుంటుంది. బెల్లంలో ఆ పని చేసేవి గ్లూకోజూ ఫ్రక్టోజూ. చక్కెరలో కంటే బెల్లంలో అవి ఎక్కువ, అందుకే పంచదార డబ్బా మూత తీసి ఉన్నా గడ్డకట్టి ఊరుకునేది, బెల్లం మాత్రం పరువు తీసేది.

మాకు ఆ ఉప్పు వచ్చేది చినగంజాం కొటార్ల నుంచి. చీరాలలో ఒంగోలు వైపు రైలెక్కితే వేటపాలెం, చినగంజాం, ఆ తర్వాత ఉప్పుగుండూరు. స్టేషన్ పేరులోనే ఉప్పు. ఎండాకాలంలో కిటికీలోంచి చూస్తే నీళ్ళు నిలిపిన మడులు, గట్ల మీద తెల్లటి కుప్పలు, కళ్ళు చికిలించుకుంటే తప్ప చూడలేం. ఒకసారి తాతయ్య పని మీద వెళ్తూ నన్ను దింపి చూపించారు. అక్కడ ఉప్పు చేస్తారనరు, పండిస్తారంటారు. పంట, రైతు, మడి అన్నీ వరికి ఉన్నట్టే. కాకపోతే వరికి వాన కావాలి, దీనికి వాన శత్రువు. మేం ఉండగానే తూర్పున మబ్బు పట్టింది. అంతవరకు తాపీగా ఉన్న మనుషులు ఒక్కసారి పరుగులు. కుప్పల మీద తాటాకులు కప్పుతున్నారు, వరస మీద వరస, ఇల్లు నేసినట్టు. ఒకాయన ఆకులు అందిస్తూ తాతయ్యతో "ఉప్పమ్మబోతే వాన, పిండమ్మబోతే గాలి అని ఊరికే అన్నారా మాస్టారూ" అన్నాడు. సామెతని సామెతలా కాకుండా ఆ రోజు జరిగిన సంగతిలా చెప్పిన మనిషిని నేను ఆయన్నొక్కడినే చూశాను. చినుకులు పడ్డాయి, పెద్దగా పడలేదు. మేం తడుస్తూ స్టేషన్‌కి వచ్చేశాం.

మనుషులకి కూడా ఈ మాట వాడతారని నాకు తెలుసు. పరీక్ష తప్పి నీరుగారిపోయాడు, కబురు విని నీరుగారిపోయింది అని. చదివాను, నేనూ రాశాను. తాతయ్య పోయిన ఏడాదికి అమ్మ ఫోన్లో, "నాయనమ్మ బాగానే తింటోంది, తిరుగుతోంది. కానీ మనిషి నీరుకారిపోయిందే" అంది. 'గ' కాదు, 'క'. వంటింటి మాట. ఫోన్ పెట్టేశాక నాకు ఆ బెల్లం డబ్బా గుర్తొచ్చింది, అంచులు పోయిన ముక్కలు. ఆ వారమే వెళ్ళి నాయనమ్మని హైదరాబాద్ తీసుకొచ్చాను, బలవంతాన.

మే నెల. హైదరాబాద్ ఎండ. గాలిలో తేమన్నదే లేదు, పెదాలు పగులుతున్నాయి. మొదటి రెండు రోజులు నాయనమ్మ బాల్కనీలో కుర్చీలో కూర్చుంది, అంతే. మూడో రోజు వంటింట్లోకి వచ్చి నేను పప్పులో ఉప్పు వెయ్యడం చూసింది. ప్యాకెట్ మూల కత్తిరించి, అలాగే గట్టు మీద పెట్టేస్తాను నేను.

"మూతెయ్యవే, నీరుకారిద్ది" అంది.

"ఇది కారదు నాయనమ్మా. ప్యాకెట్ ఉప్పు. శుద్ధి చేస్తారు, పొడిపొడిగా ఉండటానికి మందు కూడా కలుపుతారు. వానాకాలంలో కూడా ఇలాగే ఉంటుంది."

ప్యాకెట్ అందుకుని కాస్త అరచేతిలో పోసుకుంది. వేళ్ళ మధ్య నలిపి చూసింది. ఇసకలా జారిపోయింది. నాలిక మీద పెట్టుకుంది.

"నీరు కూడా కారనిది, ఇదేం ఉప్పే?" అంది.

అని, గట్టు మీద పాలప్యాకెట్లకి వచ్చిన రబ్బరుబ్యాండు ఒకటి వెతికి, ప్యాకెట్ మూతి మూడు మడతలు పెట్టి, బిగించి, అలమరలో లోపలికంటా పెట్టింది.